‘కాలింగ్’ అంటుంది గానీ ‘రింగింగ్’ అనదు

ప్రశ్న: మా అమ్మాయి కెనడా వెళ్లి రెండేళ్లయింది. మొదట్లో మామూలు ఫోన్ నుంచే ఐఎస్‌డీ చేసేదాన్ని. బిల్లు చూసి మా ఆయన కంగారుపడ్డారు. అప్పుడు అమ్మాయే వాట్సాప్‌లో కాల్ చేయడం నేర్పింది. కానీ ఐదారు నిమిషాలు మాట్లాడేసరికి ‘రీకనెక్టింగ్’ అని వస్తుంది, గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడికి చేస్తే అసలు కలవనే కలవదు, మెసేజ్‌లు మాత్రం వెళ్తాయి. వేరే దేశంలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలి దగ్గర ల్యాండ్‌లైన్ తప్ప ఏమీ లేదు. ముగ్గురికీ పనికొచ్చే మంచి యాప్ ఒకటి చెప్పండి. ఇవి నిజంగా ఫ్రీయేనా? మొన్న ఎవరో ఫోన్ చేసి ‘మీకు ఆరంకెల కోడ్ వచ్చింది, చెప్పండి’ అన్నారు. భయమేసి పెట్టేశాను. ఇంకోటి, నవ్వకండి, వీడియోలో నా మొహం నాకే కనబడుతుంటే మాట్లాడబుద్ధి కాదు. – ఒక తల్లి

సమాధానం: అమ్మా, కోడ్ అడగగానే ఫోన్ పెట్టేశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముగ్గురికీ పనికొచ్చే యాప్ ఒకటి చెప్పమన్నారు. అలాంటిది లేదు. మామూలు ఫోన్‌లో ఏ కంపెనీ నంబర్ నుంచి ఏ కంపెనీ నంబర్‌కైనా కాల్ వెళ్తుంది. ప్రపంచంలోని ఫోన్ కంపెనీలన్నీ ఒకరి కాల్ ఒకరు అందుకునేలా ఒప్పందాలు చేసుకున్నాయి కాబట్టి. యాప్‌లకి ఆ మర్యాద లేదు. మీ దగ్గర వాట్సాప్, అవతల వైబర్ ఉంటే ఇద్దరి చేతుల్లోనూ ఖరీదైన ఫోన్లున్నా హలో అనుకోలేరు. అందుకని ఏ యాప్ గొప్పదో చూడటం దండగ. అవతలివాళ్ల ఫోన్‌లో ఏముంది, వాళ్లున్న దేశంలో ఏది నడుస్తుంది, ఈ రెండూ తేలితే యాప్ దానంతటదే తేలిపోతుంది. మీ ముగ్గురి సంగతీ మూడు రకాలు కాబట్టి ఒక్కొక్కరి గురించే మాట్లాడుకుందాం.

ముందు ఫ్రీ సంగతి. యాప్ మీ దగ్గర డబ్బు తీసుకోదు, అంతవరకు నిజం. కాల్ వెళ్లేది ఇంటర్నెట్ మీద కాబట్టి ఆ ఇంటర్నెట్‌కి ఎలాగూ డబ్బు కడుతున్నారు. ఇంట్లో వైఫై మీద మాట్లాడితే అదనంగా పైసా పడదు. మొబైల్ డేటా మీదైతే వాయిస్ కాల్‌కి ఉజ్జాయింపుగా నిమిషానికి అర ఎంబీ నుంచి ఒక ఎంబీ దాకా ఖర్చవుతుంది. గంట మాట్లాడినా 30 నుంచి 60 ఎంబీ, అంతే. వీడియో అలా కాదు. నిమిషానికి 5 ఎంబీ సులువుగా లాగేస్తుంది, బొమ్మ స్పష్టంగా ఉంటే ఇంకా ఎక్కువే. మీ లెక్క మీరే చూసుకోవచ్చు: వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్తే ‘నెట్‌వర్క్ యూసేజ్’ అని ఉంటుంది. కాల్స్‌కి ఎంత పోయిందో అందులో చూపిస్తుంది. ఆ పక్కనే ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ అనే మీట కూడా ఉంది. నెట్ బలహీనంగా ఉన్నచోట అది వేసుకుంటే కాస్త నయం.

ఫ్రీ అనుకుని దెబ్బతినే సందర్భాలు రెండున్నాయి. మీరు విదేశానికి వెళ్లి, ఇక్కడి సిమ్‌తోనే డేటా రోమింగ్ వేసి మాట్లాడితే యాప్ ఫ్రీయే గానీ రోమింగ్ డేటా కాదు. రెండోది నాకే జరిగింది. కాంటాక్ట్స్‌లో పేరు తెరిస్తే మామూలు కాల్ గుర్తు, యాప్ కాల్ గుర్తు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కళ్లజోడు లేకుండా పైదే నొక్కాను. ముప్పావుగంట తీరిగ్గా ఊరి కబుర్లన్నీ చెప్పుకున్నాం. ఐఎస్‌డీ కాల్ అని తెలిసింది బ్యాలెన్స్ మెసేజ్ వచ్చాకే. అప్పటినుంచి కాంటాక్ట్స్‌లోంచి చేయడం మానేశాను. వాట్సాప్ తెరిచి, ఆ మనిషి చాట్‌లోకి వెళ్లి, అక్కడి గుర్తే నొక్కుతాను. అక్కణ్నుంచి చేస్తే ఇంటర్నెట్ మీదే వెళ్తుంది. మీరు అమ్మాయి చాట్‌ని పైన పిన్ చేసి పెట్టుకోండి, వెతుక్కునే పని ఉండదు.

ఇక అమ్మాయితో కాల్ తెగిపోవడం. ‘ఐదారు నిమిషాలకి’ అన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఫోన్ మాట్లాడుతూ నడుస్తారా? చాలామందికి అలవాటు. వైఫై పెట్టె ఉన్న గదిలో మొదలుపెట్టి, వంటింట్లోంచి వరండాలోకి వెళ్తారు. నాలుగు గోడలు దాటేసరికి వైఫై సన్నబడుతుంది. ఫోన్ దాన్ని వదిలి మొబైల్ డేటాని పట్టుకుంటుంది. ఆ దారి మార్చుకునే కాసేపే మీకు ‘రీకనెక్టింగ్’. మళ్లీ లోపలికొస్తే మళ్లీ అదే తంతు. ఒకరోజు వైఫై పెట్టె ఉన్న గదిలోనే కూర్చుని, లేవకుండా మాట్లాడి చూడండి. కాల్ నిలబడితే దోషం యాప్‌ది కాదు, కెనడాదీ కాదు. కూర్చున్నా తెగుతుంటే, అదే టైమ్‌లో ఇంట్లో ఇంకెవరైనా పెద్ద ఫైళ్లు పంపుతున్నారేమో, టీవీలో నెట్ సినిమా నడుస్తోందేమో చూడండి. వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒకసారి, డేటా ఆపేసి వైఫై మీద ఒకసారి చేస్తే దొంగ ఎవరో తేలిపోతుంది. అమ్మాయినీ తన వైపు ఇలాగే చూసుకోమనండి, ఎందుకంటే కాల్‌కి రెండు చివర్లుంటాయి, ఏ చివర బలహీనమైనా ఇద్దరికీ తెగుతుంది. వీడియోలో గొంతు ముక్కలవుతుంటే మొహమాటపడకుండా కెమెరా ఆపేయండి. బొమ్మకి పోయే నెట్ అంతా మాటకి మిగులుతుంది.

మీ మాట మీకే తిరిగి వినిపిస్తోందా? అందరూ ముందు తమ ఫోన్‌నే అనుమానిస్తారు. నిజానికి తప్పు అవతలి ఫోన్‌లో ఉంటుంది. మీ గొంతు అమ్మాయి ఫోన్ స్పీకర్‌లోంచి బయటికొచ్చి, ఆ ఫోన్ మైక్‌లోనే మళ్లీ దూరి మీ దగ్గరికి వస్తోందన్నమాట. తను స్పీకర్ ఆపినా, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా పోతుంది. మీ ఫోన్‌ని ఎంత తట్టినా పోదు.

ఇంకో చికాకు మీరు రాయలేదు గానీ మీకూ ఉండే ఉంటుంది. మీరు ‘ఎలా ఉన్నావే’ అంటారు. ఏమీ వినపడదు. ‘హలో, వినబడుతోందా?’ అంటారు. సరిగ్గా అప్పుడే అమ్మాయి ‘బాగున్నానమ్మా’ అంటుంది. ఇద్దరి మాటలూ గుద్దుకుంటాయి. ‘నువ్వు చెప్పు’, ‘కాదు, నువ్వే చెప్పమ్మా’, ఆ తర్వాత ఇద్దరూ గప్‌చుప్. ఇది పాడైన ఫోన్ కాదు, దూరం. సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుళ్లలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమ్మాయి 12 వేల కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే ఒక్క వైపు ప్రయాణానికే 60 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా పోవు, పైగా ఫోన్ మీ మాటని ముక్కలు చేసి మూటకట్టడానికీ, అవతల విప్పడానికీ, ఆలస్యంగా వచ్చిన ముక్కల కోసం ఆగడానికీ ఇంకొంత సమయం. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మనకి పెద్దగా తెలియదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ ప్రమాణం చెబుతుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపిన దాదాపు 200 మిల్లీసెకన్లకే రెండోవారు అందుకుంటారు. అందుకే రానూపోనూ కలిసిన ఆ ఆలస్యం మనకి యుగంలా అనిపించి, ‘లైన్ పోయిందేమో’ అని నోరు తెరుస్తాం. మీ మాట అయ్యాక మనసులో ఒకటి, రెండు అనుకుని ఆగండి. రెండు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

అమ్మాయికి అసలు రింగే వెళ్లని రోజులుంటే స్క్రీన్ చూడండి. మొదట ‘కాలింగ్’ అని పడుతుంది. మీ కాల్ అవతలి ఫోన్‌ని చేరాకే అది ‘రింగింగ్’గా మారుతుంది. ‘రింగింగ్’ వచ్చి ఎత్తలేదంటే తను పనిలో ఉన్నట్టు. ‘కాలింగ్’ దగ్గరే ఆగిపోతే అటు నెట్ లేనట్టు, లేదా ఫోన్ ఆఫ్ అయినట్టు. బ్యాటరీ పొదుపు చేసే సెట్టింగ్ యాప్‌ని నిద్రపుచ్చినా ఇదే జరుగుతుంది, మన వైపూ జరగొచ్చు. ‘నీకు ఫోన్ చేస్తే ఎత్తవేం’ అని అమ్మాయి అంటే, మీ ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల దగ్గర వాట్సాప్‌కి బ్యాటరీ ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ అని పెట్టించుకోండి. ఇది తెలియక తల్లీపిల్లలు అలిగిన ఇళ్లు నాకు తెలుసు. అన్నట్టు, కెనడాలో చాలాచోట్ల మార్చిలో గడియారం ఒక గంట ముందుకి, నవంబరులో వెనక్కి జరుపుతారు. ఆ వారం అలవాటైన టైమ్‌కి చేసి ‘ఎత్తలేదేమిటి’ అని టెన్షన్ పడొద్దు.

ఇప్పుడు మీ తమ్ముడుగారు. ఆయన ఫోన్ బాగానే ఉంది, మీదీ బాగానే ఉంది. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో వాట్సాప్, ఫేస్‌టైమ్ కాల్స్ నడవనివ్వరు. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతించిన యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్స్ చేసుకోవాలి. మెసేజ్‌లకి ఆ అడ్డు లేదు కాబట్టి అవి వెళ్తున్నాయి, దాంతో మీకు అయోమయం. బోటిమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, జూమ్ లాంటివి అనుమతి ఉన్న జాబితాలో ఉన్నాయి. ఆయన రోజూ ఏది వాడుతున్నారో కనుక్కుని, అదే మీ ఫోన్‌లోనూ వేయించుకోండి. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి ఆగిపోతుంది. అక్కాతమ్ముళ్లకి 40 నిమిషాలు చాలవంటే మళ్లీ కలపడమే.

ఈ సందర్భంలో ఎవరో ఒకరు తప్పకుండా ఒక సలహా ఇస్తారు: ‘వీపీఎన్ వేసుకోమనండి, వాట్సాప్ కలుస్తుంది.’ వీపీఎన్ అంటే మనం ఎక్కణ్నుంచి నెట్ వాడుతున్నామో దాచే యాప్. వద్దు. అక్కడి సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్‌తో నెట్ చిరునామా మార్చుకుంటే జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. నిషేధం ఉన్న కాల్స్‌కి వీపీఎన్ వాడితే అది ఎటు పోతుందో అని ఆయన రోజూ బిక్కుబిక్కుమంటూ మాట్లాడటం దేనికి? పరాయి దేశంలో ఉద్యోగం చేసుకునే మనిషి చేయాల్సిన సాహసం కాదు. దేశదేశానికీ ఈ రూల్స్ మారుతుంటాయి. సౌదీ అరేబియా 2017లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. చైనాలో వాట్సాప్ నడవదు, అక్కడ అందరూ వీచాట్‌లోనే ఉంటారు. రష్యా 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌కి అడ్డుకట్ట వేసింది. నిన్న కలిసిన కాల్ ఇవాళ కలవకపోతే ఫోన్‌ని రీసెట్ చేసేముందు అక్కడున్న మనిషిని ఒక మెసేజ్‌లో అడగండి.

నంబర్ సేవ్ చేయడంలో ఒక చిన్న తిరకాసు ఉంది. తమ్ముడు తన నంబర్ చెప్పేటప్పుడు ముందు సున్నా పెట్టి చెబుతారు, అక్కడ అలాగే చెప్పుకుంటారు. మీరు మాత్రం ఆ సున్నా తీసేసి, ముందు ప్లస్ గుర్తు, 971, ఆ తర్వాత మిగతా అంకెలు కొట్టాలి. లేకపోతే యాప్‌లో ఆయన పేరే కనబడదు, ‘ఇన్వైట్ చేయండి’ అంటుంది.

స్నేహితురాలి ల్యాండ్‌లైన్ దగ్గరే ఫ్రీ మంత్రం పారదు. యాప్ నుంచి యాప్‌కే ఉచితం. ఇంటర్నెట్ దాటి ఫోన్ లైన్‌లోకి దిగాలంటే, ఆ లైన్ కంపెనీకి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. వైబర్‌లో వైబర్ అవుట్ అని ఉంటుంది, ముందుగా కొంత మొత్తం వేసుకుని ఏ నంబర్‌కైనా చేసుకోవచ్చు. మీ ఫోన్ కంపెనీ ఇచ్చే ఐఎస్‌డీ ప్యాక్ నిమిషం రేటూ, దీని రేటూ పక్కపక్కన పెట్టి చూడండి. నెలకి రెండుసార్లు చేసేవాళ్లకి ఒక్కోసారి ప్యాకే చవక పడుతుంది. ‘ప్రపంచంలో ఏ నంబర్‌కైనా పూర్తిగా ఫ్రీ’ అనే యాప్‌లు కొన్ని కనబడతాయి. వేయగానే కాంటాక్ట్స్ మొత్తం చూడనివ్వమంటాయి, నిమిషం మాట్లాడటానికి నాలుగు యాడ్స్ చూడమంటాయి. వాటి జోలికి పోవద్దని నా అభిప్రాయం. మీ కాంటాక్ట్స్‌లో ఉన్న నంబర్లు మీవి మాత్రమే కాదు కదా, మీ వాళ్లందరివీ.

ఇలాంటి కాల్స్ మనకి అలవాటు చేసిన స్కైప్ 2003లో వచ్చింది. 2011లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది, 2025 మే 5న మూసేసింది. ఇప్పటికీ ఎవరైనా ‘స్కైప్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అని లింక్ పంపితే నొక్కకండి. స్కైప్‌నే నమ్ముకుని వేరే ఏ దారీ పెట్టుకోనివాళ్లు ఆ మే నెలలో ఎంత అవస్థపడ్డారో చూశాను. అందుకే అమ్మాయితో మీకు వాట్సాప్ కాక రెండో దారి ఇంకోటి ఉండాలి. సిగ్నల్ గానీ గూగుల్ మీట్ గానీ ఇద్దరూ వేసుకుని, నెలకోసారి అందులో మాట్లాడండి. అది నడుస్తోందని అప్పుడే తెలుస్తుంది. అమ్మాయిది ఐఫోన్ అయితే ఫేస్‌టైమ్ లింక్ పంపమనండి, మీది ఆండ్రాయిడ్ అయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

యాప్ కాల్ మామూలు ఫోన్‌కి బదులు కాదన్న సంగతి కష్టకాలంలోనే తెలిసొస్తుంది. అంబులెన్స్‌కో పోలీసులకో వాట్సాప్‌లో కాల్ చేయలేరు. కరెంటు పోయి వైఫై ఆగిన రాత్రి అమ్మాయి మిమ్మల్ని అందుకోవాలంటే మామూలు నంబరే గతి. మీ పక్కింటివాళ్ల మామూలు నంబర్ తన దగ్గర, తన దగ్గరి స్నేహితుల నంబర్ మీ దగ్గర ఉండాలి. ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా.

ఇక ఆ కోడ్ ఫోన్. కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిచి మీ నంబర్ కొడితే, మీ సిమ్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది. అది చెప్పారంటే మీ ఖాతా వాళ్ల చేతికి పోయినట్టే. ఆ తర్వాత మీ పేరుతో మీ తమ్ముడికీ అమ్మాయికీ ‘అర్జెంటుగా డబ్బు కావాలి’ అని మెసేజ్‌లు వెళ్తాయి. అపరిచితులే అడుగుతారనుకోకండి. ముందు మీ బంధువు ఖాతా కొట్టేసి, ఆవిడ ఫొటోతోనే ‘వదినా, పొరపాటున నా కోడ్ నీకు వచ్చింది, పంపవా’ అని రాస్తారు. వదినైనా సరే, పంపకండి. ఆవిడ మామూలు నంబర్‌కి ఫోన్ చేసి ‘నువ్వేనా?’ అని అడగండి. స్టార్, హ్యాష్ గుర్తులతో ఏదో నంబర్ డయల్ చేయమన్నా చేయొద్దు. మీ కాల్స్ వాళ్లకి మళ్లిపోయే ఎత్తు అది. వీడియో కాల్‌లో ‘స్క్రీన్ షేర్ నొక్కండి’ అన్నా పెట్టేయండి. అది నొక్కితే మీ ఫోన్‌లోకి వచ్చే ఓటీపీలన్నీ వాళ్ల కళ్లముందుంటాయి.

ఈ వారం అమ్మాయితో మాట్లాడేటప్పుడే రెండు పనులు చేయించుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ దగ్గర ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టి ఒక పిన్ వేసుకోండి. పొరపాటున కోడ్ పోయినా పిన్ లేకుండా వాళ్లు వెంటనే లోపలికి రాలేరు. ప్రైవసీలో కాల్స్ దగ్గర ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ వేయండి. కాంటాక్ట్స్‌లో లేనివాళ్లు చేస్తే ఫోన్ మోగదు, ఎవరు చేశారో లిస్టులో మాత్రం కనబడుతుంది. మామూలు ఫోన్‌కి తెలియని విదేశీ నంబర్ నుంచి ఒక్క రింగ్ ఇచ్చి ఆగిపోతే తిరిగి చేయకండి. జపాన్‌లో ఈ మోసానికి ‘వన్‌గిరి’ అని పేరే ఉంది, ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేయడమని అర్థం. తిరిగి చేసినవాళ్లకి నిమిషం రేటు బాదుతారు. మన మాటలు ఇంకెవరైనా వింటారేమో అంటారా, వాట్సాప్ కాల్స్‌కి 2016 నుంచే పూర్తి తాళం ఉంది, దారిలో ఎవరూ వినలేరు, కంపెనీ కూడా. మీరు స్పీకర్ పెట్టి మాట్లాడితే పక్కింటావిడ వింటుంది, దానికి తాళం లేదు.

చివరగా మీ మొహం సంగతి. నవ్వలేదు, ఎందుకంటే నాదీ అదే బాధ. ఆ చిన్న బొమ్మ మీదికే కళ్లు పోతుంటాయి, జుట్టు సరిచేసుకోవడంలోనే మాట మర్చిపోతాం. ఆ బొమ్మని వేలితో పట్టి లాగితే మూలకి జరుగుతుంది, చేసి చూడండి. ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా ఏ డబ్బాకో ఆనించి, కంటి ఎత్తులో నిలబెట్టండి. కింద పట్టుకుంటే గడ్డమూ, పైకప్పూ తప్ప అమ్మాయికి ఏమీ కనబడదు. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే మీ కెమెరా మాత్రం ఆపేయండి, అమ్మాయి బొమ్మ మీకు వస్తూనే ఉంటుంది. తను మాత్రం ‘కెమెరా పెట్టమ్మా’ అనే అంటుంది లెండి.